మన పెనుకొండ బండి... మట్టిదారికి సిద్ధమేనా?

చూడ్డానికి ఎస్‌యూవీ. లాగేది మాత్రం ముందు చక్రాలే. అలాంటి చిన్న ఎస్‌యూవీని ఏటి ఇసుకకీ గుట్టదారికీ తగ్గట్టు మార్చుకోవాలంటే దేనికి ఖర్చు పెట్టాలి? దేని జోలికి పోకూడదు?

నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి. పెనుకొండ దగ్గర ఎర్రమంచి. ఒకప్పుడు ఎర్రమట్టీ, రాళ్లూ, వానకోసం ఎదురుచూసే వేరుశనగ చేలూ తప్ప ఇంకేమీ లేని చోట ఇప్పుడు కియా కార్ల కర్మాగారం ఉంది. 2017లో ఒప్పందం కుదిరింది. 2019 ఆగస్టులో సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది. మరుసటేడు సెప్టెంబరులో నాలుగు మీటర్లలోపు పొడవున్న సోనెట్ వచ్చింది. సుమారు 536 ఎకరాల్లో ఉన్న ఈ ప్లాంటు సామర్థ్యం ఏడాదికి మూడు లక్షల కార్లు. 2023 జులై నాటికే ఇక్కడ తయారైన కార్ల సంఖ్య పది లక్షలు దాటింది.

అదే రహదారి మీద నుంచి కాస్త పక్కకు తిరిగి చూడండి. తారురోడ్డు అయిపోతుంది. బండిజాడలు మొదలవుతాయి. హిందూపురం వైపు పెన్న ఇసుక. ధర్మవరం వైపు చిత్రావతి ఇసుక. మధ్యలో గుండ్రాళ్ల గుట్టలు, వాగులు, చెరువు కట్టలు, దారికి రెండువైపులా కంపచెట్లు. పొలానికి పోవాలన్నా, కొండమీది గుడికి పోవాలన్నా, సెలవురోజున నలుగురు స్నేహితులు కలిసి ఊరవతలికి పోవాలన్నా ఇవే దారులు.

మన గడ్డమీద పుట్టిన బండి మన మట్టిదారిలో పోగలదా? పోగలదు... కొంతవరకు. ఆ ‘కొంత’ ఎంతో తెలుసుకుని చేసే మార్పులు బండిని కాపాడతాయి. తెలియకుండా చేసేవి జేబునూ, ఒక్కోసారి ప్రాణాన్నీ ఖాళీ చేస్తాయి.

పేరు ఎస్‌యూవీ... తీరు కారు!

రెండు బండ్లను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి పెనుకొండలో తయారయ్యే సోనెట్. రెండోది 2023 జూన్‌లో వచ్చిన అయిదు తలుపుల మారుతి జిమ్నీ. సోనెట్ పొడవు 3,995 మిల్లీమీటర్లు, జిమ్నీ 3,985. నేలకీ బండి పొట్టకీ మధ్య ఖాళీ, అంటే గ్రౌండ్ క్లియరెన్స్, సోనెట్‌కి 205 మిల్లీమీటర్లు, జిమ్నీకి 210. తేడా అయిదు మిల్లీమీటర్లే!

అయినా రాళ్లదారిలో ఈ రెండింటికీ పోలికే లేదు. ఎందుకని?

మొదటి కారణం, జిమ్నీలో నాలుగు చక్రాలకూ ఇంజిను శక్తి అందుతుంది. నిదానంగా, బలంగా లాగడానికి వేరే లో గేరు కూడా ఉంది. మనదేశంలో అమ్మే సోనెట్‌లో శక్తి ముందు చక్రాలకే వెళ్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి వాలుతుంది. సరిగ్గా పట్టు కావాల్సిన సమయంలో ముందు చక్రాలు తేలికైపోయి గిర్రున తిరుగుతాయి. రెండోది, జిమ్నీకి నిచ్చెనలాంటి విడి ఛాసిస్ ఉంది. చిన్న ఎస్‌యూవీల్లో చాలావాటికి కారులాగే బాడీయే ఛాసిస్. మూడోది వాలు కోణాలు. ముందు బంపరు నేలకు తగలకుండా ఎక్కగల కోణం జిమ్నీకి 36 డిగ్రీలు. వెనక దిగేటప్పుడు 50. మధ్యలో పొట్ట తగలకుండా గట్టు దాటే కోణం 24. ముందుకు పొడుచుకొచ్చిన బంపరున్న బండికి గ్రౌండ్ క్లియరెన్స్ ఎంతున్నా గట్టు ఎక్కేటప్పుడు మూతి తగులుతుంది.

మరి ఎస్‌యూవీ రూపంలో కారు ఎందుకు తయారుచేస్తున్నారు? సగం జవాబు పన్నుల్లో ఉంది. పొడవు నాలుగు మీటర్లు దాటకుండా, పెట్రోలు ఇంజిను 1,200, డీజిలు ఇంజిను 1,500 సీసీ మించకుండా ఉంటే ప్రభుత్వం దాన్ని చిన్న కారుగా లెక్కగడుతుంది. 2006 నుంచి ఇలాంటి రాయితీ ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వీటికి జీఎస్టీ 18 శాతం. మిగతా సగం జవాబు మన రోడ్లలో ఉంది. గుంతలకూ స్పీడుబ్రేకర్లకూ ఎత్తుగా ఉన్న బండి సుఖం. అంటే చిన్న ఎస్‌యూవీని చేసింది గతుకుల రోడ్డు కోసం, రోడ్డే లేని చోటు కోసం కాదు. దాన్ని జీపుగా మార్చాలనుకోవడం పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే. ఉన్న శక్తిని పూర్తిగా వాడుకునేలా చేయడం వేరు. అది తప్పకుండా చేయొచ్చు.

మొదటి మార్పుకి ఖర్చు లేదు

గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? మట్టిదారికి అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడే మార్పు... టైర్లలో గాలి తగ్గించడం!

తారురోడ్డు మీద చిన్న ఎస్‌యూవీల టైర్లలో సాధారణంగా 33 పీఎస్ఐ దాకా గాలి ఉంటుంది. పంక్చరు షాపు భాషలో చెప్పాలంటే 33 పాయింట్లు. బిర్రుగా ఉన్న టైరు ఇసుకలో కత్తిలా దిగబడుతుంది. రాయి మీద బంతిలా ఎగురుతుంది. గాలి తగ్గిస్తే టైరు నేలమీద పొడవుగా పరుచుకుంటుంది. బరువు ఎక్కువ చోటు మీద పడుతుంది. ఒంటె పాదం ఇసుకలో దిగబడకపోవడానికి కారణం కూడా అదే కదా!

రాళ్లూ మట్టీ కలిసిన దారికైతే 25, 26 పాయింట్లకు దించొచ్చు. ఏటి ఇసుకలో అయితే 18 నుంచి 20. పదిహేనుకన్నా తగ్గితే మలుపు తిప్పేటప్పుడు టైరు రిమ్ము నుంచి ఊడొచ్చే ప్రమాదం ఉంది. గాలి తగ్గించాక వేగం ముప్పై దాటొద్దు, గట్టిగా కోత కొట్టొద్దు. టైర్లలో గాలిని కనిపెట్టే ఏర్పాటున్న బండ్లలో డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలుగుతుంది. దానికి కంగారుపడనక్కర్లేదు. అయితే తారురోడ్డు ఎక్కేముందు మళ్లీ గాలి నింపడం మాత్రం మరవకూడదు. గాలి తక్కువున్న టైరు హైవే వేగానికి వేడెక్కి పేలిపోతుంది.

ఇందుకు కావాల్సినవి రెండే. గాలి కొలిచే మంచి గేజు, కారు సాకెట్‌తో పనిచేసే చిన్న కంప్రెసర్. రెండు మూడు వేల రూపాయలకు దొరుకుతాయి. జీపు బంపర్లకూ లైట్లకూ యాభైవేలు పోసినవాళ్లకన్నా ఈ రెండూ కొన్నవాళ్లే ఇసుకలోంచి ముందు బయటపడతారు.

టైరు మారిస్తే... లెక్క చూసి!

రెండో ఖర్చు టైర్ల మీద పెట్టాలి. కంపెనీ ఇచ్చే టైర్లు తారురోడ్డు కోసం, మైలేజీ కోసం చేసినవి. మట్టికీ రోడ్డుకీ పనికొచ్చే రకాన్ని ఆల్ టెరైన్ అంటారు. వీటి గాట్లు లోతుగా ఉంటాయి, పక్క గోడలు మందంగా ఉంటాయి. మన ప్రాంతంలో ఆ రెండోదే ముఖ్యం. కంపముల్లు టైరు నడినెత్తిన గుచ్చుకుంటే పంక్చరు పుల్ల దూర్చి సరిచేయొచ్చు. పక్కగోడను పదునైన రాయి కోసిందంటే ఇక అతుకు లేదు, ఆ టైరు పక్కన పెట్టాల్సిందే. పూర్తిగా బురదకోసం చేసే మడ్ టెరైన్ టైర్లు మాత్రం చిన్న బండ్లకు బరువు. రోడ్డు మీద గోల చేస్తాయి, తడిలో బ్రేకు దూరం పెంచుతాయి.

కొలత మార్చాలనుకుంటే ముందు కాగితం మీద లెక్క వేయాలి. ఉదాహరణకు 215/60 ఆర్16 టైరు. వెడల్పు 215 మిల్లీమీటర్లు. అందులో 60 శాతం, అంటే 129 మిల్లీమీటర్లు పక్కగోడ ఎత్తు. పదహారంగుళాల రిమ్ముకి పైనా కిందా దాన్ని కలిపితే టైరు మొత్తం ఎత్తు సుమారు 664 మిల్లీమీటర్లు. దాని బదులు 215/65 ఆర్16 వేస్తే ఎత్తు దాదాపు 686. అంటే 22 మిల్లీమీటర్లు పెరిగింది. అందులో సగమే, 11 మిల్లీమీటర్లే, బండి పొట్టకు దక్కుతుంది. ఒక వేలి మందం!

ఆ వేలి మందానికి మూల్యం ఏమిటి? స్పీడోమీటరు వంద చూపేటప్పుడు బండి 103లో పోతుంటుంది. మైలేజీ తగ్గుతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపలి ప్లాస్టిక్ గోడకు రాసుకోవచ్చు. తేడా మూడు శాతానికి మించకూడదన్నది మోటారు రంగంలో పాత సూత్రం. కంపెనీ ఏ కొలతలకు ఒప్పుకుందో డ్రైవరు తలుపు పక్కన స్టిక్కరు మీదా, పుస్తకంలోనూ ఉంటుంది. అందులో ఉన్న కొలతలోనే ఆల్ టెరైన్ టైరు దొరికితే ఇక వేరే ఆలోచనే వద్దు.

ఒక్కమాట. పెద్ద రిమ్ము, సన్నటి టైరు... షోరూంలో అందంగా ఉంటాయి. రాయి తగిలితే మొదట సొట్టపడేది ఆ రిమ్మే. మట్టిదారి మనిషికి చిన్న రిమ్ము, మందమైన టైరే మేలు. స్టెప్నీ సంగతి కూడా చూసుకోండి. టైరు పంక్చరును సరిచేసే కిట్టు, గాలి హెచ్చరిక ఏర్పాటు ఉంటే స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదని కేంద్రం 2020లో నిబంధన మార్చింది. పట్నంలో సరే. కంచె అవతల గుట్టదారిలో అసలు సైజు స్టెప్నీ లేకపోతే కాళ్లకు పని చెప్పాల్సిందే.

పొట్టకు కవచం

ఇంజిను అడుగున నూనె ఉండే డబ్బా... ఆయిల్ సంప్. దాని కింద చాలా బండ్లలో ఉండేది పల్చటి ప్లాస్టిక్ రేకు. రెండు జాడల మధ్య నిక్కి ఉన్న రాయి ఒకటి తగిలితే చాలు... సంప్ పగులుతుంది, నూనె కారిపోతుంది, గమనించకుండా ఇంకో రెండు కిలోమీటర్లు నడిపితే ఇంజినే పోతుంది. లక్షల్లో ఖర్చు. అందుకే మూడో ఖర్చు స్కిడ్ ప్లేట్ మీద. రెండు మూడు మిల్లీమీటర్ల ఉక్కు రేకు, లేదా కాస్త మందమైన అల్యూమినియం రేకు.

వర్క్‌షాపులో దీన్ని చేయించేటప్పుడు నాలుగు విషయాలు చూడాలి. బండికి ఇప్పటికే ఉన్న బోల్టు రంధ్రాలకే బిగించాలి, బాడీకి వెల్డింగు పెట్టనివ్వకూడదు. నూనె మార్చడానికి కన్నం ఉండాలి. వేడి బయటకు పోవడానికి గాట్లు ఉండాలి. పొగగొట్టానికి తగలకుండా ఉండాలి. ఉక్కు రేకు బరువు పదీ పదిహేను కిలోలు ఉంటుంది కాబట్టి బండి మూతి కాస్త కిందికి వంగుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

అసలు ఆ 205 మిల్లీమీటర్ల లెక్క ఖాళీ బండిది. అయిదుగురు ఎక్కి, డిక్కీ నింపితే అందులో కొంత హరించుకుపోతుంది. కష్టమైన చోట మనుషుల్ని దించేయడమే అన్నిటికన్నా చౌకైన ‘లిఫ్ట్ కిట్’!

ఎత్తు పెంచితే ఏమవుతుంది?

స్ప్రింగుల కింద దిమ్మలు పెట్టి బండిని ఎత్తు చేసే పద్ధతి ఉంది. చూడ్డానికి గంభీరంగా ఉంటుంది. కానీ ముందు చక్రాలతో నడిచే బండిలో ఇంజిను నుంచి చక్రానికి పోయే యాక్సిల్ కోణం దీంతో మారిపోతుంది. జాయింట్లు త్వరగా అరుగుతాయి, వాటి రబ్బరు బూట్లు చిరిగి మట్టి చేరుతుంది. బరువు పైకి జరుగుతుంది కాబట్టి హైవేలో హఠాత్తుగా పక్కకు తిప్పితే పల్టీ కొట్టే అవకాశం పెరుగుతుంది. బండి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు లెక్కలు కంపెనీ ఎత్తుకు తగ్గట్టు రాసినవి. కొత్త ఎత్తు వాటికి తెలియదు.

ముందు బిగించే ఇనప బుల్‌బార్ సంగతీ అంతే. గుద్దుకున్నప్పుడు నలిగి, దెబ్బను తాను భరించేలా కారు మూతిని తయారుచేస్తారు. ఇనప కడ్డీ ఆ దెబ్బను నేరుగా ఛాసిస్‌కు చేరవేస్తుంది. ఎయిర్‌బ్యాగులు తెరుచుకునే సమయం తప్పొచ్చు. అడ్డొచ్చిన పాదచారి బతికే అవకాశం తగ్గుతుంది. అందుకే 2017 డిసెంబరులో కేంద్ర రవాణాశాఖ వీటిమీద చర్య తీసుకోవాలని రాష్ట్రాలకు చెప్పింది.

చట్టం ఏమంటోంది?

* మోటారు వాహనాల చట్టం-1988, 52వ సెక్షన్: కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టంచేసింది.

* 2019లో చేర్చిన 182ఏ(4): అనుమతిలేని ఒక్కో మార్పుకి అయిదువేల రూపాయల జరిమానా, ఆరునెలల దాకా జైలు, లేదా రెండూ.

* 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ముందుభాగంలో స్పాట్‌లైట్లు, సెర్చిలైట్లు అనుమతి లేకుండా బిగించకూడదు. పైకప్పు మీద వరస లైట్లతో రోడ్డెక్కితే ఎదుటి డ్రైవరు కళ్లు బైర్లు కమ్ముతాయి.

* చెప్పకుండా చేసిన మార్పుల వల్ల ప్రమాదం జరిగిందని తేలితే బీమా సంస్థ పేచీ పెట్టొచ్చు. వైర్లు కోసి అతికిస్తే ఆ భాగానికి వారంటీ పోవచ్చు. ఏ మార్పయినా ముందే కాగితం మీద తెలియజేయడం మంచిది.

చిత్రావతి చెప్పిన పాఠం

ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిన ఇసుకగా కనిపించే ఏరు ఒక్కరాత్రిలో ఏమవుతుందో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. 2021 నవంబరులో చిత్రావతి పొంగింది. ధర్మవరానికీ పెనుకొండకూ మధ్యన చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర పదిమంది వరద మధ్యలో చిక్కుకుపోయారు. నిలవడానికి వాళ్లకు దొరికింది ఒక జేసీబీ. చివరికి నవంబరు 19న వైమానిక దళం ఎంఐ-17 హెలికాప్టర్ వచ్చి వాళ్లను పైకి లాగి కాపాడింది.

టన్నుల బరువుండి, మనిషెత్తు చక్రాలుండే యంత్రమే కదల్లేని చోట టన్ను పైచిలుకు బరువుండే కారు ఎంత? పారే నీళ్లు అడుగు లోతుంటే చిన్న కార్లు తేలడం మొదలవుతాయి. రెండడుగులుంటే చాలా బండ్లు కొట్టుకుపోతాయి. ఏ టైరూ, ఏ కిట్టూ దీన్ని మార్చలేవు.

నిలవ నీళ్లయినా జాగ్రత్తే. ముందు కర్రతో లోతు చూడాలి. చక్రం మధ్యభాగం దాటేంత లోతుంటే వెనక్కి తిరగాలి. గాలి పీల్చే గొట్టంలోంచి ఇంజినులోకి నీళ్లు పోతే పిస్టన్లు నీటిని నొక్కలేవు, లోపలి రాడ్లు వంగిపోతాయి. నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ స్టార్టు చేయకూడదు. చేశామా... చేతులారా ఇంజినును చంపుకున్నట్టే.

డ్రైవరే అసలు మార్పు!

బండికి ఎన్ని తగిలించినా నడిపే చెయ్యి మారకపోతే ఫలితం సున్నా. దిగి, నడిచి, దారి చూసి, అప్పుడు పోవాలి. నిక్కిన రాయిని రెండు చక్రాల మధ్యకు రానీయకూడదు. వీలైతే చక్రాన్నే దానిమీదికి నిదానంగా ఎక్కించాలి. ఇసుకలో ఆగకుండా ఒకే ఊపుతో సాగాలి. చక్రం ఉన్నచోటే తిరుగుతుంటే యాక్సిలరేటర్ తొక్కడం ఆపాలి. తొక్కేకొద్దీ గొయ్యి లోతవుతుంది. సోనెట్ ఆటోమేటిక్ రకాల్లో బురద, ఇసుకలకు వేర్వేరు మోడ్‌లున్నాయి. తిరుగుతున్న చక్రానికి బ్రేకు వేసి, పట్టున్న చక్రానికి శక్తి పంపడం వాటి పని. నాలుగు చక్రాలకు శక్తి ఇవ్వడం మాత్రం వాటివల్ల కాదు.

ఎండాకాలంలో గుట్టల మీద ఎండుగడ్డిలో బండి ఆపకూడదు. ఇంజిను పొగను శుద్ధిచేసే భాగం బాగా వేడిగా ఉంటుంది, గడ్డి అంటుకుంటే బండితోపాటు గుట్ట కూడా తగలబడుతుంది. రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా పోవడం నేరం. విజయనగర రాజులు తళ్లికోట యుద్ధం తర్వాత రాజధాని చేసుకున్న పెనుకొండలో ఆనాటి గోడలూ మెట్లూ బండ్ల బలం చూపించుకునే చోట్లు కావు. వాన పడ్డ చెరువు కట్ట మీద చక్రాల గాడి పడితే ఆ గాడిలోంచే నీరు కోసుకుపోతుంది. చేనుగట్టు ఎవరిదో కష్టం.

తిరిగొచ్చాక ఒక అరగంట బండికి ఇవ్వాలి. అడుగున నీళ్లు కొట్టి కడగాలి. యాక్సిల్ బూట్లు చిరిగాయేమో, స్కిడ్ ప్లేట్ బోల్టులు వదులయ్యాయేమో చూడాలి. మన దుమ్ముకి ఎయిర్ ఫిల్టరును కంపెనీ చెప్పిన గడువుకన్నా ముందే మార్చాలి.

డిక్కీలో ఇవి ఉంటే...

* గాలి గేజు, కంప్రెసర్, పంక్చరు కిట్టు.

* మడతపెట్టే పార. చక్రం ముందున్న ఇసుక తీస్తే సగం సమస్య తీరినట్టే.

* నాలుగు గోనెసంచులు. దిగబడ్డ చక్రాల కింద వేయడానికి.

* అడుగు వెడల్పున్న చెక్క. ఇసుకలో జాకీ దిగబడకుండా కింద పెట్టడానికి.

* బండి బరువుకు రెండు మూడు రెట్లు తట్టుకునే లాగుడు పట్టీ, కారుతోపాటు ఇచ్చిన మరలాంటి కొక్కెం. లాగేటప్పుడు పట్టీకి దగ్గర్లో ఎవరూ నిలబడకూడదు. తెగితే కొరడాలా కొడుతుంది.

* తాగే నీళ్లు, టార్చిలైటు. అన్నిటికన్నా ముఖ్యంగా... తోడుగా ఇంకో బండి.

లెక్క చూస్తే క్రమం ఇదీ. మొదట గాలి, తర్వాత టైరు, ఆ తర్వాత కవచం. అక్కడితో ఆగిపోవడం తెలిసినవాడి లక్షణం. అంతకుమించిన దారిలోనే రోజూ పోవాల్సి ఉంటే కావాల్సింది మార్పు కాదు, నాలుగు చక్రాల బలమున్న వేరే బండి. వారానికో నెలకో మట్టివాసన పీల్చాలనుకునేవారికి మాత్రం వాకిట్లో ఉన్న చిన్న ఎస్‌యూవీ చాలు. ఎక్కడ ఆగాలో తెలిస్తే ఎర్రమట్టి దారిలో పోయినవాళ్లు పోయినట్టే తిరిగొస్తారు... సొంత చక్రాల మీద!